ఏసీబీకి హైకోర్టు జడ్జినే బాస్‌గా పెడితే తప్పేంటి?

గోదారిబిడ్డ_అమలాపురం
మా మేనమామ పొలం మ్యుటేషన్ కోసం ఒక ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, చివరికి వాళ్ళడిగిన డబ్బు ఇవ్వలేక ఏసీబీకి ఫోన్ చేశాడు. ట్రాప్ పెట్టారు, ఆ ఉద్యోగి డబ్బుతో సహా దొరికాడు, మర్నాడు పేపర్లో ఫొటో కూడా వచ్చింది. కథ అక్కడితో ఆగిపోయింది. ప్రాసిక్యూషన్‌కి అనుమతి ఇచ్చే ఫైలు సెక్రటేరియట్లో ఉందంటారు, ఏ సెక్షన్లో ఉందో ఎవరూ చెప్పరు, ఈలోగా ఆయన సస్పెన్షన్ ఎత్తేయించుకుని పక్క మండలంలో డ్యూటీలో చేరిపోయాడు. ఫిర్యాదు చేసిన మా మామయ్యేమో తనే ముద్దాయి అయినట్టు ఊళ్ళో తలొంచుకుని తిరుగుతున్నాడు.

నా బాధ ఇదీ. ఏసీబీ ప్రభుత్వం కిందే ఉంటే ప్రభుత్వంలో వాళ్ళని ఎలా పట్టుకుంటుంది, పట్టుకున్నా ఎలా శిక్ష వేయిస్తుంది? హైకోర్టు సిట్టింగ్ జడ్జిని దానికి అధిపతిగా పెట్టేస్తే ఏ మంత్రీ ఫోన్ చేయలేడు కదా. ప్రతి కుంభకోణానికీ అన్ని పార్టీలూ "సిట్టింగ్ జడ్జితో విచారణ" అని అడుగుతాయి, అదేదో శాశ్వతంగా పెట్టేస్తే పోలా? తప్పేంటో చెప్పండి.

సీమ_సింహం_కర్నూలు
నూటికి నూరు పాళ్ళు నిజం అన్నా. మా కర్నూల్లోనే అధికారుల మీద ఫిర్యాదులు వినే లోకాయుక్త ఆఫీసు ఉంది, రిటైర్డ్ హైకోర్టు జడ్జే ఉంటారు, కానీ కర్ణాటకలో మాదిరి సొంత పోలీసు బలగం యాడుంది? జడ్జి ఉన్నచోట పోలీసులు లేరు, పోలీసులు ఉన్న ఏసీబీలో జడ్జి లేడు. రెండూ కలిపేస్తే సరిపాయె.

వకీలమ్మ_హనుమకొండ
కలిపితేనే అసలు లొల్లి మొదలైతది. నేను ఏసీబీ కేసులు ముద్దాయిల తరఫున చేసిన, ఫిర్యాదుదారుల తరఫున గూడ కోర్టుకు పోయిన. గోదారిబిడ్డ గారూ, మీ మామయ్య కేసులో జడ్జే దర్యాప్తు చేసిండు అనుకుందాం. రేపు ఆ ముద్దాయి హైకోర్టుకు పోయి ఎఫ్‌ఐఆర్ కొట్టెయ్యమంటడు. ఎవరు వినాలె? ఆ జడ్జి పక్క సీట్ల కూర్చునే జడ్జి. పొద్దున ఒకే బెంచి మీద కూర్చుని, మధ్యాహ్నం ఆయన చేసిన దర్యాప్తు తప్పని రాయాలె. రాయకపోతే ముద్దాయికి అన్యాయం, రాస్తే ఆ జడ్జి పరువు ఏం కావాలె? ఇంక కింది కోర్టుల ఏసీబీ స్పెషల్ జడ్జి సంగతి చెప్పక్కర్లేదు, ఛార్జిషీట్ మీద హైకోర్టు జడ్జి పేరు చూసినంక ఆయన బెయిల్ ఇయ్యడానికి కలం ఎట్ల పడతడు?

గోదారిబిడ్డ_అమలాపురం
మేడం, మీరు ముద్దాయి గురించే ఆలోచిస్తున్నారు. ఫిర్యాదు చేసినవాడి గురించి కూడా కాస్త ఆలోచించండి.

వకీలమ్మ_హనుమకొండ
ఫిర్యాదుదారుడి కోసమే చెప్తున్న. దర్యాప్తుల ఒక్క వంక దొరికితే చాలు పై కోర్టుల శిక్ష పోతది. జడ్జి పేరుతో మొదలైన కేసుకు ఆ వంక మొదటి రోజే దొరుకుతది.

మాజీ_తాసిల్దార్
నేను సర్వీసులో ఉండగా ఏసీబీ వాళ్ళు మధ్యవర్తిగా, అంటే జరిగింది చూసే సాక్షిగా రమ్మంటే వెళ్ళాను, కాబట్టి ట్రాప్ ఎలా జరుగుతుందో కళ్ళారా చూసినవాణ్ణి. చెప్తాను వినండి, అబ్బాయి అడిగిన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

వేరే శాఖల నుంచి ఇద్దరు ప్రభుత్వోద్యోగులని పిలుస్తారు. ఫిర్యాదుదారుడు తెచ్చిన నోట్ల నంబర్లు మా ముందే రాస్తారు. నోట్లకి ఫినాఫ్తలీన్ పౌడర్ పూస్తారు, అది కంటికి కనపడదు. ఒక గ్లాసులో సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళు పెట్టి, పౌడర్ అంటిన వేళ్ళు అందులో ముంచితే నీళ్ళు గులాబీ రంగు అవుతాయని మాకు ముందే చేసి చూపిస్తారు. తర్వాత అసలు పని. ఆ ఉద్యోగి డబ్బు తీసుకున్నాక సైగ రాగానే లోపలికి వెళ్ళి కుడిచేతి వేళ్ళు ఒక గ్లాసులో, ఎడమచేతి వేళ్ళు ఇంకో గ్లాసులో ముంచిస్తారు. రంగు మారిన నీళ్ళు సీసాల్లో పోసి, లక్క వేసి సీలు చేసి, చీటీల మీద మా సంతకాలు తీసుకుంటారు. చొక్కా జేబులో పెట్టుకుంటే ఆ చొక్కా కూడా విప్పించి జేబు తడిపి చూస్తారు. ప్రతి అడుగూ రాసి మధ్యవర్తుల నివేదిక తయారు చేస్తారు.

చాలా కాలం తర్వాత కోర్టులో ఆ సీసాలు బల్ల మీద పెట్టి నన్ను సాక్షి బోనులో నిలబెట్టారు. డిఫెన్స్ లాయరు అడిగాడు, "డబ్బు ఆయన అడిగి తీసుకున్నాడా, వీళ్ళే టేబుల్ మీద పెట్టి వెళ్ళారా, మీరు గదిలో ఉన్నారా?" నేను బయట వరండాలో ఉన్నానని చెప్పాను, ఎందుకంటే అదే నిజం. జడ్జి గారు తల పైకెత్తి నన్ను చూసి, నా మాట పొల్లు పోకుండా రాయించుకున్నారు. ఆ జడ్జి గారే ఆ రోజు ఏసీబీ జీపులో కూర్చుని ట్రాప్ నడిపించి ఉంటే? నేను వరండాలో ఉన్నానన్న మాట ఆయన చెవికి ఎక్కేదా? అసలు ఆయన ముందు ఆ మాట అనే ధైర్యం నాకు ఉండేదా?

ఉప్పల్_ఉమ
తాసిల్దార్ గారూ, ఈ పోస్ట్ సేవ్ చేసుకున్నాను. ట్రాప్ అంటే సినిమాల్లోలాగా తలుపు తన్నుకుని వెళ్ళడమే అనుకునేదాన్ని.

సీమ_సింహం_కర్నూలు
సార్, జడ్జి జీపులో కూర్చోవాలని ఎవరన్నారు? పైన ఉండి పర్యవేక్షిస్తే చాలంటున్నాం. కింద డీఎస్పీలే కదా పని చేసేది.

జోబర్గ్_రమణ
సీమ సింహం అన్నా, సరిగ్గా మీరు చెప్పిన ఏర్పాటునే దక్షిణాఫ్రికాలో చేసి చూశారు. నేను ఇక్కడ చాలా కాలంగా ఉంటున్నాను, ఆడిట్ వైపు పని, కాబట్టి ఈ కథ తరచూ చెవిన పడుతూనే ఉంటుంది. కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

మండేలా ప్రభుత్వం 1996లో ఒక చట్టం తెచ్చింది. దాని కింద స్పెషల్ ఇన్వెస్టిగేటింగ్ యూనిట్, క్లుప్తంగా ఎస్ఐయూ. ప్రభుత్వ సొమ్ము ఎక్కడ పోయిందో దర్యాప్తు చేయాలి, పోయిన సొమ్ము కోసం ప్రభుత్వం తరఫున దావా వేసి రాబట్టాలి. దీనికి అధిపతిగా జడ్జే ఉండాలని చట్టంలోనే రాశారు. 1997లో విల్లెమ్ హీత్ అనే జడ్జిని పెట్టారు. మనిషి గట్టివాడు, జనంలో మంచి పేరు, పేపర్లన్నీ ఆ ఎస్ఐయూని హీత్ యూనిట్ హీత్ యూనిట్ అని రాసేవి. గోదారిబిడ్డ కోరుకున్నది అక్షరాలా ఇదే.

ఇక్కడ రోడ్డు ప్రమాదాల బాధితులకి పరిహారం ఇచ్చే ఒక ప్రభుత్వ నిధి ఉంది. అందులోంచి వచ్చిన డబ్బు కొందరు లాయర్లు బాధితులకి పూర్తిగా ఇవ్వలేదన్న ఆరోపణ మీద హీత్ యూనిట్‌కి దర్యాప్తు అప్పగించారు. ఆ రంగంలో పనిచేసే లాయర్ల సంఘం కోర్టుకెళ్ళింది. వాళ్ళ వాదన ఒకటే, జడ్జి ఈ పని చేయకూడదు. కింది హైకోర్టులో ఓడిపోయారు. రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచారు, 2000 నవంబర్ 28న, తీర్పు రాసింది ఆర్థర్ చాస్కల్సన్. మండేలా 1960లలో రివోనియా కేసులో బోనెక్కినప్పుడు డిఫెన్స్ లాయర్లలో ఒకడు ఆయన. అంటే ఇది అవినీతిపరుల్ని కాపాడాలని రాసిన మనిషి కాదు.

ఆ తీర్పులో నాకు నచ్చింది ఏంటంటే, జడ్జి కోర్టు బయట ఏ పనీ చేయకూడదు అని గుడ్డిగా అనలేదు. విచారణ కమిషన్‌కి అధ్యక్షత వహించొచ్చు, సెర్చ్ వారెంట్ ఇవ్వొచ్చు. కానీ కొన్ని సంగతులు చూడాలన్నారు. ఆ పని మామూలుగా ప్రభుత్వంలో ఇంకో అంగం చేసేదా? జడ్జి మీద ప్రభుత్వం అజమాయిషీ ఉంటుందా? రాజకీయ వివాదంలో ఇరుక్కునే ప్రమాదం ఎంత? ఎంత కాలం, ఎంత తీవ్రంగా చేయాలి? ఎస్ఐయూ అధిపతి పని అన్నిట్లోనూ ఫెయిలయ్యింది. గడువు లేని పదవి, జనం ఇళ్ళలోకి కాగితాల్లోకి చొరబడే అధికారాలు, పైగా ప్రభుత్వం తరఫున వాదిగా కోర్టుకెక్కడం. జడ్జి ఇవన్నీ చేస్తుంటే ఆయన ప్రభుత్వ మనిషా, ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య నిలబడే మనిషా అన్నది జనానికి తెలియకుండా పోతుంది.

నడుస్తున్న కేసులు కుప్పకూలకుండా తీర్పు అమలుని ఏడాది పాటు ఆపారు కూడా.

సీమ_సింహం_కర్నూలు
అంటే చివరికి దొంగ లెక్కలు చూపినోళ్ళు గెలిచినట్టే కదా రమణన్నా.

జోబర్గ్_రమణ
లేదు. యూనిట్ మూతపడలేదు. 2001లో విల్లీ హాఫ్‌మేర్ దాని పగ్గాలు తీసుకున్నాడు, జడ్జి కాదు. ఎస్ఐయూ ఇవాళ్టికీ పనిచేస్తోంది. దానితో పాటే పెట్టిన స్పెషల్ ట్రిబ్యునల్ వేరే సంస్థ, దానికి జడ్జే అధిపతి, అందులో ఎవరికీ అభ్యంతరం లేదు. యూనిట్ దావా వేస్తుంది, ట్రిబ్యునల్ తీర్పు చెప్తుంది. మధ్యలో కొంతకాలం ట్రిబ్యునల్ లేకపోతే 2019లో మళ్ళీ పెట్టారు.

ఇంకో ముక్క, ఇది అందరూ వదిలేస్తారు. ఎస్ఐయూ ఏ కేసు ముట్టుకోవాలన్నా ప్రెసిడెంట్ ప్రకటన జారీ చేయాలి. హీత్ ఆయుధాల కొనుగోలు ఒప్పందం మీద దర్యాప్తులో చేరతానన్నాడు, అది ఇక్కడ అతి పెద్ద కుంభకోణం. 2001 జనవరిలో ప్రెసిడెంట్ ఎంబెకీ ఒప్పుకోలేదు. ఆ వ్యవహారంలో జడ్జి పేరు రోజూ రాజకీయ నాయకుల నోళ్ళలో నలిగింది. జడ్జి ఉన్నందువల్ల తలుపు తెరుచుకోలేదు, జడ్జి గౌరవం మాత్రం బజారున పడింది.

నల్లగొండ_నాగన్న
ఆఫ్రికా దాకా ఎందుకన్నా, మన దగ్గరే జరిగింది గదా. ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు, భద్రాద్రి, యాదాద్రి ప్లాంట్ల మీద 2024 మార్చిలో కమిషన్ ఏసిండ్రు, జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి. విచారణ నడుస్తుండగానే ఆయన ప్రెస్‌మీట్ పెట్టి మాట్లాడిండు. కేసీఆర్ సుప్రీంకోర్టుకు పోయిండు. హైకోర్టుల ఓడిపోయిండు గని, 2024 జూలై 16న సుప్రీంకోర్టుల అప్పటి సీజేఐ (భారత ప్రధాన న్యాయమూర్తి) చంద్రచూడ్ బెంచి అడిగింది, విచారణ చేసేటాయన ముందే తన అభిప్రాయం బయట ఎట్ల చెప్తడని. ఆయన తప్పుకున్నడు, జస్టిస్ మదన్ లోకూర్ వచ్చిండు. నిష్పక్షపాతంగా ఉండుడే గాదు, ఉన్నట్టు కనపడాలె గూడ.

కరీంనగర్_కిట్టు
నాగన్నా కేసీఆర్‌ని వెనకేసుకొస్తున్నవా? ఆ ప్లాంట్లల్ల ఎంత

నిర్వాహకుడు
కిట్టు గారి పోస్ట్‌లో మిగతా భాగం తీసేశాం. ఏ పార్టీ మీదా బురద జల్లొద్దు, పసుపు గులాబీ నీలం ఏ రంగైనా సరే. విషయం మీదే ఉండండి.

ఉప్పల్_ఉమ
ఈ థ్రెడ్‌లో అనుమతి ఉన్న గులాబీ రంగు తాసిల్దార్ గారి గ్లాసులో నీళ్ళదే అన్నమాట 😀

నల్లగొండ_నాగన్న
నేను ఎవ్వరినీ వెనకేసుకొస్తలేను. నేనైతే మేడిగడ్డ బ్యారేజీ విషయంల కఠినంగా ఉండాలనే అంటున్న. 2023 అక్టోబర్‌ల పిల్లర్లు కుంగినయి, జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ ఏసిండ్రు, 2025 జూలై 31న రిపోర్టు ఇచ్చిండు, దాని మీద అసెంబ్లీల అర్ధరాత్రి దాటేదాక చర్చ చేసి ఏం చేసిండ్రు? సీబీఐకి ఇచ్చిండ్రు. అంటే దర్యాప్తు మళ్ళ మొదటికెళ్ళి. జడ్జి రాసిన వందల పేజీలు కోర్టుల నేరుగా సాక్ష్యం గాదు. 1952 కమిషన్ల చట్టం ప్రకారం ఆయన సిఫారసు చేస్తడు, అంతే. సిట్టింగ్ జడ్జి విచారణ అని అడిగేటోళ్ళకు ఈ సంగతి తెల్వదా? తెల్సు. జడ్జి అంటే ఏడాదిన్నర గడిచిపోతదని గూడ తెల్సు.

వకీలమ్మ_హనుమకొండ
నాగన్న చివరి మాట పట్టుకోండి అందరూ. తెలంగాణ హైకోర్టుకు మంజూరైన జడ్జి పోస్టులు 42, ఆంధ్రకు 37. అవ్వే పూర్తిగ నిండవు. అందులకెళ్ళి ఒకర్ని తీసి ఏసీబీకి పంపితే ఆయన బెంచిల మీద ఉన్న కేసులు ఎవరు వినాలె? మీ మామయ్య లాంటోళ్ళ రిట్లే అవన్ని.

బెంగళూరు_బుజ్జి
నేను కాస్త అడ్డం తగులుతా. కర్ణాటకలో లోకాయుక్త రిటైర్డ్ జడ్జే, కింద సొంత పోలీసులు, దాడులు, ట్రాప్‌లు అన్నీ చేస్తారు. జస్టిస్ సంతోష్ హెగ్డే ఉన్నప్పుడు బళ్ళారి అక్రమ గనుల మీద 2011 జూలైలో రిపోర్టు ఇస్తే ఆ నెల తిరక్కుండానే ముఖ్యమంత్రి యడ్యూరప్ప దిగిపోయారు. మన ఓబుళాపురం వైపు సరిహద్దు రాళ్ళ గొడవలు గుర్తున్నవాళ్ళకి ఆ రిపోర్టు విలువ తెలుసు. ఏ ప్రభుత్వ ఏసీబీ చేయగలదు ఆ పని? అందుకే 2016లో సిద్ధరామయ్య ప్రభుత్వం లోకాయుక్త పోలీసుల చేతిలోంచి ఆ అధికారం లాగేసి, తన కింద ఏసీబీ పెట్టుకుంది. 2022 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు ఆ ఏసీబీని రద్దు చేసి కేసులన్నీ లోకాయుక్తకే పంపింది. అంటే జడ్జి ఉన్న సంస్థే మేలని కోర్టే చెప్పినట్టు కాదా?

సీమ_సింహం_కర్నూలు
బుజ్జీ, భలే చెప్పినావ్. ఇప్పుడు చెప్పండి వకీలమ్మా.

వకీలమ్మ_హనుమకొండ
చెప్తా. రిటైరైన జడ్జికి, బెంచి మీద ఉన్న జడ్జికి భూమ్యాకాశాల తేడా. హెగ్డే గారు రేపు మళ్ళీ కోర్టుకు పోయి ఆ గనుల కేసు వినరు. ఆయన రిపోర్టును హైకోర్టు కొట్టేసినా సిట్టింగ్ జడ్జి తీర్పును తోటి జడ్జి కొట్టేసినట్టు కాదు. ఇంకోటి, కర్ణాటకల జనం నమ్మింది జడ్జి అన్న బిరుదును గాదు, ముఖ్యమంత్రి తీసెయ్యలేని పదవిని. బుజ్జి గారే అక్కడ ఉన్నరు గదా, 2015 సంగతి గూడ చెప్పాలె.

బెంగళూరు_బుజ్జి
చెప్తా, దాచేదేముంది. అప్పటి లోకాయుక్త కూడా మాజీ చీఫ్ జస్టిసే. లోకాయుక్త పేరు చెప్పి అధికారుల్ని బెదిరించి వసూళ్ళు చేశారన్న ఆరోపణ మీద ఆయన కొడుకుని సిట్ అరెస్టు చేసింది, ఆ ఏడాది డిసెంబర్లో ఆయన రాజీనామా చేశారు. అప్పుడు బెంగళూరులో మా ఆఫీసులో అందరం ఎంత బాధపడ్డామో. ఒక్క హెగ్డే కట్టిన నమ్మకం అది.

పారిస్‌లో_పద్మజ
ఇక్కడ ఫ్రాన్స్‌లో పెద్ద కేసుల్లో దర్యాప్తు చేసేదే జడ్జి. నెపోలియన్ కాలం నుంచీ ఉన్న పద్ధతి. సోదాలు చేయిస్తారు, సాక్షుల్ని పిలిపిస్తారు, మాజీ అధ్యక్షుల్ని కూడా కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు. అంటే జడ్జి దర్యాప్తు చేస్తే న్యాయం మునిగిపోతుందన్నది అన్నిచోట్లా నిజం కాదండీ.

జోబర్గ్_రమణ
పద్మజ గారూ, దర్యాప్తు చేసిన జడ్జే ఆ కేసులో తీర్పు చెప్పొచ్చా అక్కడ?

పారిస్‌లో_పద్మజ
అస్సలు కుదరదు. ఆయన పని ఫైలు ట్రయల్‌కి పంపడంతో ముగుస్తుంది, తీర్పు చెప్పేది వేరే జడ్జిలు. పైగా ఆయన ఏ ప్రభుత్వ సంస్థకీ అధిపతి కాదు, మంత్రి ఆదేశాల కింద ఉండడు, ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యం కూడా వెతకాల్సిన బాధ్యత ఉంటుంది.

వకీలమ్మ_హనుమకొండ
అట్లయితే ఆడ గూడ గీత గీసిండ్రు, మనకన్న వేరే చోట గీసిండ్రు. మన దగ్గర ఏసీబీ ప్రభుత్వ శాఖ. దాని మీద జడ్జిని కూర్చోబెడితే జడ్జి ప్రభుత్వ ఉద్యోగి అయితడు.

మాజీ_తాసిల్దార్
సంబంధం కుదిర్చిన పెళ్ళిళ్ళ పేరయ్యనే రేపు మొగుడూ పెళ్ళాల తగువులో పెద్దమనిషిగా కూర్చోబెడితే అమ్మాయి తరఫు వాళ్ళు ఒప్పుకుంటారా? ఇదీ అంతే.

లా_చదివే_లావణ్య
నేను లా ఫైనలియర్. సీబీఐ సంగతి ఎవరూ అనలేదు. సీబీఐ డైరెక్టర్‌ని ఎంపిక చేసే కమిటీలో ప్రధానమంత్రి, ప్రతిపక్ష నేత, సీజేఐ లేదా ఆయన పంపిన సుప్రీంకోర్టు జడ్జి ఉంటారు. 2013 లోక్‌పాల్ చట్టంతో వచ్చిన మార్పు ఇది. 2018 అక్టోబర్లో అర్ధరాత్రి అప్పటి డైరెక్టర్ ఆలోక్ వర్మని పక్కన పెట్టారు, 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆయన్ని తిరిగి కుర్చీలో కూర్చోబెట్టి, తీసేయాలో వద్దో కమిటీయే తేల్చాలంది. ఆ తీర్పు ఇచ్చిన బెంచిలో సీజేఐ గొగోయ్ ఉన్నారు, కాబట్టి తాను వెళ్ళకుండా జస్టిస్ సిక్రీని పంపారు. 10న కమిటీ 2-1తో వర్మని తప్పించింది, కాంగ్రెస్ నేత ఖర్గే ఒక్కరే వ్యతిరేకించారు. ఆ తర్వాత కొన్ని రోజులకే సిక్రీ గారికి లండన్‌లో ఒక ట్రిబ్యునల్ పదవికి ప్రభుత్వం పేరు పంపిందన్న వార్త బయటికొచ్చింది, ఆయన ఆ పదవి వద్దనుకున్నారు. ఆయన తప్పు చేశారని నేను అనట్లేదు, ఆ పదవికి ఒప్పుకున్నది వర్మ వ్యవహారం కంటే ముందే. కానీ ఆ కమిటీలో కూర్చోకపోయి ఉంటే ఆ మచ్చ గురించి మాటే వచ్చేది కాదు. 2025 ఫిబ్రవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి ధన్‌ఖర్ కూడా భోపాల్లో ఇదే అడిగారు, సీబీఐ డైరెక్టర్ ఎంపికలో సీజేఐకి ఏం పని అని.

సీమ_సింహం_కర్నూలు
చూడప్పా, సీజేఐని కూడా తీసేస్తే ఆ కమిటీలో మిగిలేది ప్రధాని, ఆయనతో ఏకీభవించని ఒక ప్రతిపక్ష నేత. 1-1. ఎవరి మాట నెగ్గుతుందో చిన్నపిల్లోడు కూడా చెప్తాడు.

లా_చదివే_లావణ్య
ఆ భయం నాకూ ఉంది సార్. ఎంపికలో జడ్జి ఉండటం వేరు, దర్యాప్తు నడపటం వేరు అని నా అభిప్రాయం. ఎంపిక ఒక్క పూట పని. కానీ తొలగింపు కేసు రేపు కోర్టుకే వస్తుంది, అక్కడ జడ్జి ఉండకూడదు.

గోదారిబిడ్డ_అమలాపురం
ఇంతమంది ఇన్ని చెప్పారు, చదివాను అన్నీ. జడ్జి వద్దు సరే. ఏసీబీ మాత్రం సీఎం చేతికింద ఉండొచ్చా? జడ్జిని పెట్టమని అడిగేది సరదాకి కాదు, ఇంకెవర్ని నమ్మాలో తెలియకే.

జోబర్గ్_రమణ
ఇదే అసలు ప్రశ్న, ఇక్కడ రెండో తీర్పు దీని గురించే. స్కార్పియన్స్ అని ప్రాసిక్యూషన్ కింద ఒక బలమైన దర్యాప్తు విభాగం ఉండేది, అధికార పార్టీ పెద్దల మీదకే వెళ్ళింది. 2009 కల్లా దాన్ని రద్దు చేసి పోలీసుల కింద హాక్స్ అని పెట్టారు. హ్యూ గ్లెనిస్టర్ అనే ఒక మామూలు వ్యాపారి కోర్టుకెళ్ళాడు. 2011 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం 5-4తో చెప్పింది, అవినీతి మీద దర్యాప్తు చేసే సంస్థకి తగినంత స్వతంత్రత ఉండటం రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ బాధ్యత, హాక్స్‌కి అది లేదు అని. ఎందుకు లేదు? అధికారులకి పదవీ భద్రత లేదు, మంత్రుల కమిటీ విధానాలు నిర్ణయిస్తుంది, అంటే వాళ్ళ మీద దర్యాప్తు చేయాల్సిన సంస్థకి వాళ్ళే దారి చూపిస్తారు.

అదే కోర్టు పదేళ్ళ ముందు జడ్జిని బయటికి రమ్మంది, ఇప్పుడు మంత్రుల్ని కూడా బయటికి పొమ్మంది. నాకు ఈ రెండూ కలిపి చదివితేనే అర్థమైంది. జడ్జిని తెచ్చి పెట్టడం ప్రభుత్వాలకి సులువు. అధిపతికి గడువు తీరేదాకా కదల్చలేని పదవి ఇవ్వడం, బడ్జెట్ విడిగా ఇవ్వడం, ఫలానా వాళ్ళ మీదకి వెళ్ళాలంటే అనుమతి అడగక్కర్లేదనడం, ఇవి కష్టం. అందుకే మొదటిది చేసి రెండోది దాటేస్తారు. హాంకాంగ్ 1974లో ఐసీఏసీ పెట్టినప్పుడు దానికి జడ్జి లేడు, పోలీసుల కింద కూడా పెట్టలేదు, కేసు పెట్టాలా వద్దా అనే నిర్ణయం వేరేవాళ్ళ చేతిలో ఉంచింది. పోలీసు లంచాలకి పేరుమోసిన ఊరు అది.

కరీంనగర్_కిట్టు
జడ్జిలే లంచం తీసుకుంటే? 2012ల గాలి జనార్దనరెడ్డి బెయిల్ కేసుల హైదరాబాద్ సీబీఐ కోర్టు జడ్జి మీద ఆరోపణ వస్తే హైకోర్టు సస్పెండ్ చేసింది, ఏసీబీ అరెస్టు చేసింది. జడ్జే ఏసీబీ బాస్ అయ్యుంటే ఆ పని అయ్యేదా?

వకీలమ్మ_హనుమకొండ
కిట్టు, ఇది మంచి పాయింటు. 1991 వీరాస్వామి కేసుల సుప్రీంకోర్టు చెప్పింది, హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జిలు గూడ అవినీతి చట్టం కిందికే వస్తరని, కాకపోతే సీజేఐని సంప్రదించకుండ కేసు పెట్టొద్దని. ప్రభుత్వం జడ్జిలను బెదిరించకుండ ఆ అడ్డుగోడ. 2025 జనవరిల లోక్‌పాల్, అంటే మాజీ సుప్రీంకోర్టు జడ్జే అధ్యక్షుడు, హైకోర్టు జడ్జిలు మా పరిధిలకు వస్తరని ఆర్డర్ ఇచ్చింది, ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు ఆపేసింది. చూడండి, దర్యాప్తు సంస్థల మాజీ జడ్జిలు, ఎదురుగ సిట్టింగ్ జడ్జిలు. అటూ ఇటూ జడ్జిలే ఉంటే బయట నిలబడ్డ మనిషి ఎవర్ని నమ్మాలె?

సీమ_సింహం_కర్నూలు
నేను మాత్రం ఒప్పుకోను. మా లోకాయుక్తకి సొంత పోలీసుల్ని ఇచ్చి, రిటైర్డ్ జడ్జి చేతిలో పెట్టండి, కర్ణాటకలో నడిచినట్టు ఇక్కడా నడుస్తుంది. సిట్టింగ్ జడ్జి వద్దు అనేంతవరకే మీ మాట.

బెంగళూరు_బుజ్జి
రిటైర్డ్ జడ్జిని ఎంపిక చేసేటప్పుడు ప్రభుత్వం ఎవర్ని ఎందుకు ఎంచుకుందో బయటపెట్టాలి, అది కూడా అడగండి సింహం గారూ.

వకీలమ్మ_హనుమకొండ
గోదారిబిడ్డ గారూ, మీ మామయ్య ఫైలు సంగతి మర్చిపోలే. దానికి చట్టంలనే దారి ఉన్నది. అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 19 కింద అనుమతి ఇయ్యాలో వద్దో 3 నెలల్ల తేల్చాలె, న్యాయసలహా కావాలంటే ఇంకొక్క నెల. 2018 సవరణల ఈ గడువు పెట్టిండ్రు, 2022 అక్టోబర్ల విజయ్ రాజమోహన్ కేసుల సుప్రీంకోర్టు ఈ గడువు తప్పనిసరి అన్నది. గడువు దాటిందని కేసు కొట్టుకుపోదు, ఆలస్యం చేసిన అధికారే జవాబు చెప్పాలె.

ముందు ఆ శాఖ సెక్రటేరియట్ సమాచార అధికారికి ఆర్టీఐ వెయ్యండి. ఏసీబీ తుది నివేదిక ఏ తేదీన చేరింది, విజిలెన్స్ కమిషన్ సలహా ఎప్పుడు వచ్చింది, ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఈ మూడే అడగండి. ఎందుకు ఆగింది అని మాత్రం అడగొద్దు, అది సమాచారం కాదని తిప్పి పంపుతరు. తేదీలు చేతికొచ్చినంక హైకోర్టుల మాండమస్ రిట్ (అధికారి తన పని చేసేటట్టు ఆదేశించమని పిటిషన్) వెయ్యొచ్చు, అనుమతి ఇయ్యమని కాదు, గడువుల ఏదో ఒకటి తేల్చమని. జడ్జి చెయ్యాల్సిన పని అక్కడ ఉన్నది.

గోదారిబిడ్డ_అమలాపురం
మేడం, ఎఫ్‌ఐఆర్ కాపీ మామయ్య దగ్గర ఉంది. కేసుని కోర్టుకి పంపకుండా శాఖాపరమైన విచారణకి, ఉద్యోగుల క్రమశిక్షణ కేసులు చూసే ట్రిబ్యునల్‌కి మార్చేశారని ఒక గుమాస్తా అన్నాడట. అది నిజమైతే?

వకీలమ్మ_హనుమకొండ
అయితే ఆర్టీఐల నాలుగో ప్రశ్న కలపండి, అట్ల మార్చిన జీవో కాపీ కావాలని. ఆ జీవోల కారణాలు రాసి ఉండాలె. కారణం లేకుంటే ఆ జీవోనే సవాలు చేద్దాం. ఎఫ్‌ఐఆర్ నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు మెసేజ్ చెయ్యండి.

మాజీ_తాసిల్దార్
అబ్బాయ్, మధ్యవర్తులు ఎవరో కూడా ఎఫ్‌ఐఆర్ తర్వాతి కాగితాల్లో ఉంటుంది. వాళ్ళు రిటైరయ్యారేమో, ఊరు మారారేమో ఇప్పుడే కనుక్కో. సాక్షులు దొరకని కేసుని ఏ జడ్జీ నిలబెట్టలేడు.